గడియ

మిట్టూరు పార్కులో పాత మరుగుదొడ్లు కూల్చేస్తారని
కొలతలు తీసుకురమ్మని నన్ను పంపినారు.
వార్డాఫీసులో టేపు పట్టను తెలిసింది నాకే.

పొడవు ఇరవై రెండడుగులు. వెడల్పు తొమ్మిది.
తలుపులు ఆరు, తలుపులనదగ్గవి రెండు.
కొళాయిలు నాలుగు, నీళ్లొచ్చేది ఒకటి,
అదీ పొద్దున ఏడు దాకా.
రేకుల మీద ఏటా నేరేడుచెట్టు రాల్చిన ఊదా మరకలు.
వాటికి నా పుస్తకంలో గడి లేదు.

మగోళ్ల వైపు గోడ మీద తెలుగులో ఒక తిట్టు,
దాని కింద అరవంలో జవాబు.
వేలూరు బస్సులు తిరిగే ఊరు కదా.
ఆడోళ్ల వైపు గోడ మీద ఏమీ లేదు.
రాసేంతసేపు లోపల ఎవరుంటారు?

మూడో గది నాకు తెలుసు.
గ్రూప్ టూకు చదివిన రెండేండ్లూ
ఈ పార్కు సిమెంటు బెంచీనే నా లైబ్రరీ.
బాటిల్లో నీళ్లు తెచ్చుకునేదాన్ని, తాగేదాన్ని కాదు.
నోరు తడుపుకొని మూత బిగించేదాన్ని.
ప్రాథమిక హక్కులు వల్లెవేస్తా
కాలు మీద కాలు మెలేసుకొని కూచునేదాన్ని.
ఆ ఉద్యోగం రాలేదు. ఈ టేపు వచ్చింది.

మూడో గదికి గడియ ఎప్పుడో ఊడిపోయింది.
గడియ ఉండాల్సిన చోట బొక్క,
బొక్కలో ఎవరో దోపిన బీడీకట్ట కాగితం.

పేరుకు దొరసానమ్మ, చేతిలో చీపురు.
మనిషికి రెండు రూపాయలు.
ఇయ్యకపోతే అడగదు, ఇచ్చినోళ్లను మర్చిపోదు.
"పోమే, నేనుండా" అని
తలుపుకు వీపానించి నిలబడేది.
లోపలికి ఆమె దగ్గు వినిపించేది,
వక్కాకు నమిలే చప్పుడు,
సందులోంచి పసుపు చీర అంచు.
ఆమె రాని పూట ఉడకేసిన చెనక్కాయలమ్మే రహమత్‌బీ.
ఆమె కూడా లేకపోతే
చంకలో బిడ్డతో బస్సు కోసం ఆగిన ఎవరో ఒకామె.
"ఒక్క గడియ నిలబడక్కా" అంటే
పేరు కూడా అడక్కుండా నిలబడేది.
నేనూ నిలబడినా, ఎంతమందికో.
గడియ లేని తలుపుకు గడియకొక మనిషి.

దీన్ని పాతదాని మీద ప్రేమ అని ఎవరన్నా అంటే
మే నెల మధ్యాన్నం ఒకసారి ఆ గదిలో నిలబడి అనమనండి.

కాంట్రాక్టరు చెంగల్రాయుడు కొత్తదాని బొమ్మ చూపించినాడు.
తెల్ల టైల్సు, స్టీలు తలుపులు,
చక్రాల కుర్చీకి వాలుబాట, పాలిచ్చే తల్లికి వేరే గది.
బాగుంది. నిజంగానే బాగుంది.
ఎనిమిది నెలల పని.
"అంతదాకా జనం యాడికి పోవాల?" అన్నా.
ఆయన నేరేడుచెట్టు వైపు చూసినాడు.

ఎస్టిమేట్‌లో ఒక లైను చేర్చినా:
ఆడవాళ్లకు తాత్కాలిక గదులు, రెండు.
పైనుంచి ఎర్ర ఇంకుతో కొట్టేసినారు. అవసరం లేదంట.
మళ్లీ రాసినా. మళ్లీ కొట్టేసినారు.
మూడోసారి
సిమెంటు మూటలు తడవకుండా రేకుల గదులు రెండు,
నీటి వసతితో, తలుపుకు లోపలివైపు గడియతో, అని రాసినా.
మూడ్రోజుల్లో సంతకమైంది.
సిమెంటు మూటకు
లోపల్నుంచి గడియెందుకని
ఒక్కరూ అడగలా.

నిన్న పాత గోడ పడింది. దుమ్ము రోడ్డు దాకా పోయింది.
దొరసానమ్మ కొత్త గడియను
నాలుగుసార్లు వేసి, నాలుగుసార్లు తీసి చూసింది.
సంగతి చెప్తే వక్కాకు ఉమ్మేసి నవ్వింది.
మాపటేళ నేను లోపలుంటే
బయట్నించి తలుపు మీద రెండు దెబ్బలు.

"బిరీన రామే,
ఈడ ఇంకో మూట నిలబడుండాది."