ఆటు వేళ

కాంకాల్‌లో మార్చి.
ఆల్చిప్పలు గీరిన వేళ్ళని ఉప్పుపోయేదాకా కడుక్కుని
మేనల్లుడు వదిలేసిన పాత లాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

గ్వెనోలే ఫోన్‌లో చెప్పాడు:
"అత్తా, చంద్రుడు అదే చోట ఉంటే నీళ్ళూ అదే ఎత్తు.
ఇచ్చింది మారకపోతే వచ్చేదీ మారదు.
ఆటుపోట్ల లెక్కకి ఈ భాషే తగినది."

భాష పేరులో ఒంటె నక్కి ఉంది.
ప్రోగ్రాం కట్టే పనిముట్టు పేరేమో ఇసుకదిబ్బ.
ముప్పై ఏళ్ళు సముద్రం బురదలో నడిచి
ఇప్పుడు దమ్మిడీ ఖర్చు లేకుండా
ఎడారి సామాను ఇంట్లోకి తెచ్చుకున్నాను.

ముందు ఓపామ్ దిగాలి.
పేరులోనే సగం ఓపిక.
కంపైలర్ని అది మూటగా తెచ్చి ఇవ్వదు,
నా వంటింట్లోనే, నా కరెంటు మీద, మొదటినుంచీ వండుతుంది.
నలభై నిమిషాలు ఫ్యాను రొద.
పిల్లి వచ్చి యంత్రం పక్క వెచ్చగా సర్దుకుంది.
అంతవరకూ దాన్నుంచి లాభపడింది అదొక్కతే.

తేదీల కోసం ఒక ప్యాకేజీ అడిగాను.
అది ఇంకోదాన్ని వెంటబెట్టుకు వస్తానంది,
ఆ ఇంకోటి మరో ఇద్దర్ని.
ఒక్కడిని భోజనానికి పిలిస్తే
పంక్తికి పంక్తే దిగినట్టు.
పదకొండో అతిథికి ఐదో అతిథి పాత వెర్షనే కావాలట.
ఓపామ్ ఇద్దరి మధ్యా కూర్చుని రాజీ కుదిర్చింది,
మా రైతుల సంఘంలో ఇంతవరకూ ఎవరివల్లా కాని పని.

తర్వాత, రెండుకి సున్నా పాయింట్ నాలుగు కలపమన్నాను.
కలపనంది.
ఇది పూర్ణాంకం, అది దశాంశం, అని
తప్పు కింద గీత గీసి మరీ చూపించింది.
దశాంశాలు కూడాలంటే ప్లస్ పక్కన చుక్క పెట్టాలట.
చుక్క!
భాష తరపున గ్వెనోలే కాస్త సిగ్గుపడ్డాడు.
నాకు మాత్రం నచ్చింది.
మూడో నంబరు సంచిలో నాలుగో నంబరు చిప్ప ఒక్కటి పడితే
మదాం త్రెమోదాన్ ఏమంటుందో నాకు తెలుసు.
ఏమీ అనదు.
సంచి మొత్తం బల్లమీద కుమ్మరిస్తుంది.

ఒక ఫంక్షన్ తనని తాను పిలుచుకోవాలంటే
'రెక్' అని ముందే రాసిపెట్టాలి.
రాయకపోతే తన పేరు తనకే తెలియదు.
తెల్లారుజామున నాలుగింటికి, అద్దంలో, నేనూ అంతే.

రాత్రి పదకొండున్నరకి ఒక్క వరుస అచ్చయింది:
రేపు ఆటు, మధ్యాహ్నం రెండూ యాభై ఒకటి.
పోటుపాట్ల పుస్తకం మూడూ రెండు అంటోంది.
పదకొండు నిమిషాలు తేడా.
"నువ్వు సూర్యచంద్రుల్నే లెక్కేశావు అత్తా,
ఇంకా చిన్నచిన్న అలలు ఎన్నో ఉన్నాయి."
మా అఖాతంలో పదకొండు నిమిషాలంటే
ట్రాక్టరు చక్రాలు మునగడానికి చాలు.

పుస్తకాన్నే నమ్మి వెళ్ళాను.
ఎప్పుడో తప్ప బయటపడని దూరపు బల్లలు రేపు పైకి తేలాయి అనుకుంటూ నిద్రపోయి,
నిజంగా తేలేసరికి పడమటి గాలి ముఖాన కొడుతోంటే
సంచులు తిరగేస్తూ వాచీ చూసుకున్నాను.
నీళ్ళు మూడూ ఆరుకి తిరిగాయి.
పుస్తకానికి నాలుగు నిమిషాలు, నాకు పదిహేను.
గాలికి కూడా ప్యాకేజీ ఉందేమో అడగాలి.

సాయంత్రం కొత్త కిటికీ తెరిస్తే:
ఆ కమాండు దొరకలేదు.
నిన్నటి వంట, పదకొండుమంది అతిథులు, అంతా మాయం.
"పోలేదు," అన్నాడు వాడు నవ్వుతూ.
తెరిచిన ప్రతిసారీ ఒక లైను చెప్పి
ఒంటెకి ఇంటి దారి గుర్తు చెయ్యాలట.

సంచులకి కట్టే చీటీ వెనక,
నీళ్ళకి చెరగని పెన్సిల్‌తో ఆ లైను రాసి
ఫ్రిజ్ తలుపుకి అంటించాను.
ఒక డాలరు గుర్తు, రెండు బ్రాకెట్లు.

మదాం త్రెమోదాన్ కాఫీకి వచ్చి
కళ్ళజోడు సర్దుకుని చదివింది.
"డాలర్లలోనా?" అంది.
"ఎవరు కొంటున్నారు?"