పదిహేడో నంబరు

తెల్లారి నాలుగున్నరకి విజిలు.
అప్పటికి సముద్రం కూడా ముసుగు తియ్యలేదు.
భీమిలి రోడ్డు పక్కన సరుగుడు తోటలో
ఇరవై ముగ్గురం, ఇరవై మూడు నంబర్లం.
నాది పదిహేడు.
తొంభై ఆరు కిలోల నాలుగు వందల గ్రాములు.
ఆ నాలుగు వందలూ గాజులవీ మట్టెలవీ అని
కాటా మీద నిలబడే వాదించాను.
చీఫ్ సాబు నవ్వలేదు.

ఆయన పేరు గొర్లె అసిరినాయుడు.
నేవీలో ఇరవై నాలుగేళ్లు.
ఓడ దిగాడు గానీ గొంతు దిగలేదు.
సావధాన్ అంటాడు, విశ్రామ్ అంటాడు.
పీఛే ముడ్ అన్నప్పుడు
అందరూ వెనక్కి తిరిగితే
నేనొక్కదాన్నే ముందుకు నడిచి
సరుగుడు చెట్టుని గుద్దుకున్నాను.

మర్రిపాలెంలో నాది కర్రీ పాయింటు.
పప్పు, ఆనపకాయ, గుత్తొంకాయ, చారు,
బుధవారం రొయ్యల ఇగురు.
కవర్లో పోసి, గాలి పట్టి, రబ్బరు బ్యాండు తిప్పి
ఊళ్లో సగం వంటిళ్లకి సెలవిచ్చినదాన్ని.
రాత్రి పదికి గిన్నె అడుగున మిగిలేది.
పారబోస్తే పాపం.
కుక్కకి పెడితే కారం.
రేపటికి ఉంచితే పేరు పోతుంది.
పదకొండేళ్లు
మిగిలినదంతా నాలోనే పోసుకున్నాను.
నా ఒంట్లో ఎక్కడ పట్టి చూసినా
అమ్ముడుపోని కూరే.

లారీ టైరుని దొర్లించమంటాడు.
దొర్లదు.
మోచేతుల మీద ఇసకలో పాకమంటాడు.
ఇసక ముక్కులోకి, జడలోకి,
రాత్రి కలలోకి.
ఆరో రోజు
ఎల్ఐసీ విశాలాక్షి మేడం దిండు గలీబులో
మాడుగుల హల్వా దొరికింది.
పొట్లాన్ని మధ్యలో పెట్టి
చుట్టూ మా అందరిచేతా కప్పగంతులు వేయించాడు.
నేతి వాసన గాల్లో.
చీమలు మాత్రం ఏ నంబరూ లేకుండా
నేరుగా వచ్చి తినిపోయాయి.

తొమ్మిదో రోజు ఎర్రమట్టి దిబ్బలు.
ఎక్కిన అడుగు సగం వెనక్కి జారే చోటు.
కుర్రాళ్లు పైకి పోయారు.
నేను మోకాళ్ల మీద కూలబడ్డాను.
నోట్లో ఎర్రదుమ్ము, కళ్లల్లో ఉప్పు.
ఇక విజిలు పడుతుంది, హిందీ పడుతుంది అనుకున్నాను.

"లెగు తల్లీ. ఏటైపోనాది? లెగు."

తొమ్మిది రోజుల్లో మొదటిసారి
ఆయన నోట మా ఊరి మాట.
పక్కనే తనూ చతికిలబడి
ఎడమ మోకాలు రెండు చేతుల్తో పట్టుకున్నాడు.
అది ఆయన ఎవరికీ చూపించని మోకాలు.
దూరంగా ఒక ఓడ.
బెర్తు దొరక్క అక్కడే నిలబడిపోయింది.
బరువు దింపేదాకా దానికీ కదలిక లేదు.
కాసేపటికి అడిగాడు,
"మీ కొట్లో రొయ్యలిగురు ఏ వారం అన్నావు?"
బుధవారం సార్.
ఒక్క గుటక మింగాడు.
వెంటనే విజిలు నోట్లో పెట్టుకున్నాడు.

ఇరవై ఒక్క రోజులకి ఐదు కిలోల ఎనిమిది వందలు.
గాజులు తీసి తూగాను ఈసారి.
బస్సులో మద్దిలపాలెం దాకా
నా పక్క సీట్లో మరో మనిషికి చోటు మిగిలింది.
ఎవరో కూర్చున్నారు కూడా.

ఇవాళ బుధవారం.
షట్టరు సగం దించాను.
గిన్నె అడుగున ఇగురు, ఓ పావు కిలో ఉంటుంది,
నూనె తేలి, కరివేపాకు అంటుకుని.
బయట కుక్క దాని లెక్కలో అది ఉంది.
గరిటె చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలీదు.

సావధాన్,
అన్నాను నాలో నేనే.
మడమలు కలిశాయి. గరిటె ఆగింది.
హార్బరు వైపు నుంచి ఓ ఓడ కూత.

అలాగే నిలబడి ఉన్నాను.
విశ్రామ్ అనేవాళ్లు
ఇక్కడ ఎవరూ లేరు.