పదకొండో గడి

పోయినేడాది ఫారంలో
పదకొండో గడి: గ్రామ చరిత్ర, వారసత్వం.
రెండు వాక్యాలకు మించరాదు.
నా ముందున్నాయన గుండ్రటి చేతిరాతతో
"ఏమీ లేదు" అని రాసి, సంతకం పెట్టి,
ఆదోనికి బదిలీ చేయించుకున్నాడు.

మిగతా గడులు పొద్దున్నే నింపేశాను.
తొగటకల్లు, కర్నూలు జిల్లా. గడపలు మున్నూటపన్నెండు.
బోర్లు తొమ్మిది, నీళ్లొచ్చేవి రెండు.
సుంకులమ్మ గుడి ఒకటి, పీర్ల చావిడి ఒకటి,
బడి ఒకటి, పైకప్పు సగం.
పదకొండు దగ్గర పెన్ను ఆగింది.
"కంబగిరీ, ఈ ఊరికి ఏముందప్పా?"
తలారి బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.
"ఎండ ఉండాది సార్."
కాసేపాగి, "రా, చూపిస్తా" అన్నాడు.

చౌకదుకాణం వెనక, కంపచెట్ల కింద
నడుందాకా భూమిలో దిగబడిన బండ.
బండ మీద ఒకడు. చేతిలో బాకు,
కాళ్లకాడ కుక్క, వెనక మూడావులు.
ఊసేనమ్మ వాడి భుజానికి కొడవలి నూరుతోంది.
ఆమె అత్త నూరిందంట, అత్తకు అత్త నూరిందంట;
ఆ భుజం పళ్లెం మాదిరి గుంట పడింది.
"నొప్పి ల్యాదా ఆయప్పకు?" అంటే
"ఆవుల కోసరం పానమిచ్చినోడు
కొడవలికి పదునియ్యడా?" అంది, తలెత్తకుండానే.

ఎప్పుడో ఒకాయన వచ్చాడంట, శాసనాలాయన.
తడి కాగితం అతికించి, బ్రష్షుతో కొట్టి కొట్టి,
మసి అద్ది, రాతిని కాగితంలోకి దింపుకున్నాడు.
ఊరంతా మూగితే చదివి చెప్పాడు:
మందను తోలుకుపోతుంటే అడ్డం పడ్డాడు.
ఆవులు తిరిగొచ్చాయి.
ఇతను రాలేదు.
పేరు?
పేరు మీద కొడవళ్లు తిరిగాయి.
చివర "న్న" ఒక్కటే మిగిలింది.

ఆ రోజు మొదలు తొగటకల్లులో తగువు.
ఎర్రన్న అని బోయగేరి, బీరన్న అని కురువగేరి,
కాశన్న, మా తాతకు తాత, అని కింది గేరి.
దూదేకుల ఇమామన్న మాత్రం
దూది దులుపుకుంటూ నవ్వినాడంట:
"నా పేర్లోనూ ఉంది గదప్పా ఆ న్న."

ఇక తొగటకల్లంటే తొగటోళ్ల రాయి.
తొగటోళ్లది ఒక్క గడపా లేదు.
ధాత కరువులో మగ్గాలు అమ్మబోతే
కొనేవాడు లేక పొయ్యిలో పెట్టుకొని,
గంపెడు మట్టికి పిడికెడు కొర్రలిచ్చే
రోడ్డు పనికి పోయి, ఆ రోడ్డు పొడుగూతా
అట్లే పడమటికి పోయినారంట.
నేను రోజూ బండి మీదొచ్చే రోడ్డు.
గుంతలని తిట్టుకునే రోడ్డు.

మొన్న ఎండాకాలం, మరుగుదొడ్డికి తవ్వుతుంటే
కౌలుట్లయ్య పార ఠంగుమంది.
రాళ్లు పేర్చిన చదరపు గుంత.
ఒక అంచున కూచునే బండ,
అడుగున, పాదాలాడిన చోట
రెండు నున్నటి పల్లాలు.
తవ్వే కూలి మిగిలిందని మొదట సంబరపడ్డాడు.
కానీ రింగులు దించలేదు. ఆర్నెల్లయింది.
బిల్లు నా బల్ల మీద గాలికి లేస్తోంది.
"ఏమప్పా, పైనుంచి అడుగుతున్నారు" అంటే
తల గోక్కున్నాడు:
"ఎవరో కూచోని బట్ట నేసిన తావు సార్.
అందులో ఎట్ల కూచునేది?"

సాయంత్రం ఫారం పూర్తి చేశాను.
రెండు వాక్యాలు. ఒక్కటీ మించలేదు.
"ఒక మనిషి పేరులో చివరి అక్షరం ఉంది.
కౌలుట్లయ్య పూడ్చని ఒక గుంత ఉంది."

మండలాఫీసు నుంచి ఫోను:
ఇదేం రాతయ్యా, ఒక్క ముక్కా అర్థం కాలేదు.
వచ్చి చూడమన్నాను.
వచ్చేటప్పుడు, ఇంట్లో మొండికొడవలి ఉంటే
తెచ్చుకోమన్నాను.