పద్నాలుగో దీపస్తంభం

మాంటెవిడియోలో జూలై అంటే ఎముకలు కొరికే చలి.
ఆరు కాకుండానే చీకటి పార్కు గేటు తోసుకుని వచ్చేస్తుంది,
టికెట్టు లేకుండా బస్సెక్కే కుర్రాడిలా.

మంగళవారం మాది, నాదీ నీబియాదీ.
ఆమె చంకలో వేడినీళ్ల ఫ్లాస్కు,
చేతిలో మాతే ఆకు నానుతున్న చిన్న సొరబుర్ర.
నా మెడలో ఈల.
ముప్పై ఒక్క ఏళ్లు సిటీ బస్సులో కండక్టరుగా నిలబడ్డవాణ్ణి,
ఈల ఊదడం నాకొకరు నేర్పాలా?

కమిటీ ఇచ్చిన కాగితంలో ఉన్నవి నాలుగే మాటలు.
తరమొద్దు. తాకొద్దు. చూడు. రాయి.
దాని కింద హెబెర్ పెన్సిల్‌తో గిలికాడు,
"హీరోలు అక్కర్లేదు, మోకాళ్లు అరిగినవాళ్లు చాలు."

నోటుబుక్కు తిరగేస్తే ఏముంది
జూన్ మూడు, ఊయల గొలుసు మాయం.
పది, ఫౌంటెన్ దగ్గర పగిలిన సీసా, మేమే ఊడ్చాం.
పదిహేడు, ఒక నర్సమ్మ బస్టాపు దాకా తోడు రమ్మంది,
వెళ్లాం, ఎందుకని అడగలేదు,
ఆమె కూడా దారంతా వెనక్కి చూడ్డం మానలేదు.
ఇరవై నాలుగు, పద్నాలుగో దీపం వెలగట్లేదు.
జూలై ఒకటి, పద్నాలుగో దీపం వెలగట్లేదు.
జూలై ఎనిమిది, నీబియా అక్షరాలు కాగితాన్ని చీల్చేంత గట్టిగా,
వెలగట్లేదు.

పదిహేనో తారీఖున ఆ స్తంభం కింద
ఎవడో గొంతుకూర్చున్నాడు.
అడుగున చిన్న ఇనప తలుపు తెరిచి ఉంది,
లోపలి రాగి తీగని
చేపకడుపులోంచి పేగు లాగినట్టు లాగుతున్నాడు.
నీబియా ఫోను తీసింది. రెండంకెలు నొక్కింది.
అప్పుడు వాడు తల తిప్పాడు.

పదిహేనేళ్లుంటాయేమో.
రాత్రి ఆఖరి ట్రిప్పులో
వెనక సీటులో నిద్రపోయి డిపో దాకా వచ్చేసే పిల్లలుండేవారు,
అచ్చం ఆ మొహమే.
ఆ తీగలో కరెంటుందో లేదో వాడికి తెలుసో లేదో.

ఆపద అయితే మూడు పొట్టి ఈలలు వెయ్యాలి.
నేను ఒక్కటే వేశాను, పొడుగ్గా,
బస్సు కదలమనే పాత ఈల.
నా పెదాలే వేశాయి, నన్నడగలేదు.
పటకారు అక్కడే పడేసి వాడు యూకలిప్టస్ చెట్లలోకి దూకాడు.
తీగ తెగలేదు.

మూడో అంకె నీబియా నొక్కింది.
నలభై నిమిషాలకి పోలీసులొచ్చారు.
ఏం పోయింది? ఏమీ పోలేదు.
ఎవరికైనా దెబ్బలు? లేవు.
కొత్త కానిస్టేబులు పెన్ను గాల్లో ఆగింది,
జరగనిదాన్ని రాసే గడి
వాళ్ల ఫారంలోనూ లేదు.
మొహం చూశారా అనడిగాడు.
చీకటి కదా, అన్నాను.

నీబియా ఏమీ అనలేదు.
బుర్రలో నీళ్లు పోసింది, తాగింది, మళ్లీ పోసింది,
మళ్లీ తానే తాగింది.
నా వంతు రానేలేదు.
నిరుడు ఇదే దారిలో ఆమె చెల్లెలి చేతి సంచి లాక్కుని
భుజం కీలు ఊడగొట్టింది కూడా
ఎవరో మొహం కనపడనివాడే.
నాకది తెలుసు. అప్పుడూ తెలుసు.

తర్వాతి మంగళవారం పుస్తకం నా చేతికిచ్చింది.
జూలై పదిహేను. ఒకడు. పదిహేనేళ్లు.
బూడిదరంగు జాకెట్టు, ఎడమ మోచేతి దగ్గర చిరుగు.
ఎర్ర టేపు చుట్టిన పటకారు, స్టేషన్లో అప్పగించాం.
మొహం చూడలేదని నా జతగాడు చెప్పాడు.

"చెప్పాడు" అని ఉంది.
"చూడలేదు" అని లేదు.

కింద ఇద్దరూ సంతకం చెయ్యాలని రూలు.
పద్నాలుగో స్తంభం కిందే నిలబడి చేశాను,
ఆ వేళ దీపం వెలుగుతోంది,
అక్షరాలు బాగానే కనిపించాయి.