ఫ్రిజ్‌కి కోడ్ లేదు

ఇరవై రెండేళ్లు నేను
నొప్పిని అంకెలుగా మార్చే పని చేశాను.
కెంటకీ కొండల్లో ఒక చిన్న ఆసుపత్రి,
అత్యవసర విభాగం వెనక కిటికీ లేని గది,
ఇమోజీన్ స్టాంపర్ అని పేరున్న బల్ల.

బాతు పొడిస్తే ఒక కోడ్ ఉంది.
అదే దెబ్బకి రెండోసారి వస్తే ఇంకొకటి.
నవ్వకండి, నేను ఒకసారి వాడాను:
ఎల్కిన్స్ వాళ్ల పిల్లాడు, ఎడమకాలి బొటనవేలు.

డబ్బుల్లేక మందు సగం సగం వేసుకున్నవాడికీ ఉంది కోడ్.
అది లెక్కలేనన్నిసార్లు వాడాను.
దాని మీద ఎవరూ ఒక్క సెంటు చెల్లించరు.
ఊరికే, తెలిసి ఉండడానికి.

ఆ వేసవిలో ఆర్విల్ కాడిల్ నాలుగుసార్లు వచ్చాడు.
చక్కెర మీటరుకి అందనంత పైన,
ఊపిరిలో ముగ్గిన పండు వాసన.
ప్రతిసారీ నలభై మైళ్ల అంబులెన్సు,
రెండు రాత్రుల ఐసీయూ.
బిల్లు నా వేళ్లతోనే కొట్టాను,
బీమా వాళ్లు కిక్కురుమనకుండా కట్టారు.

నాలుగోసారి నర్సు రొవీనా
(ఇంటిపేరు ప్రాఫిట్, నెలాఖరుకి చేతిలో మిగిలేది సున్నా)
మంచం అంచున కూర్చుని అడిగింది:
"ఇన్సులిన్ ఎక్కడ పెడుతున్నావు?"
ఏ ఫారంలోనూ ఆ ప్రశ్నకి గడి లేదు.

"వాగులో," అన్నాడు.
ఊరగాయ సీసాలో పెట్టి, తాడు కట్టి, రాళ్ల మధ్య.
ఫ్రిజ్ మే నెలలో చచ్చిపోయింది.
జూన్‌లో వాగు ఎండింది.
జూలైలో పొంగి సీసాని తీసుకుపోయింది.
గని దిగిన మనిషి కదా,
ఇదంతా వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు.

రొవీనా మందుల చీటీ రాయించుకొచ్చింది:
ఫ్రిజ్, ఒకటి. చిన్నదైనా సరే.
భోజనం తర్వాత అని రాయలేదు, అంతే తేడా.

పంపాను. తిరిగొచ్చింది:
వైద్యపరమైన అవసరం రుజువు కాలేదు.
మళ్లీ పంపాను. కోడ్ లేదు.
ఫోన్ చేశాను. యాభై నిమిషాల వాయిద్య సంగీతం,
తర్వాత ఒక మర్యాదైన గొంతు,
తర్వాత మళ్లీ సంగీతం.

గోటితో పోయేదానికి గొడ్డలి అంటారు.
మా దగ్గర గొడ్డలికి కోడ్ ఉంది.
పిడికి విడిగా, పదును పెట్టినందుకు విడిగా,
దాన్ని మోసుకొచ్చిన హెలికాప్టర్‌కి విడిగా.
గోటికి లేదు.

అక్టోబర్‌లో ఆసుపత్రి మూసేశారు.
నా బల్లని పద్దెనిమిది డాలర్లకి నేనే కొనుక్కున్నాను,
ఎందుకో ఇప్పటికీ తెలీదు.
రొవీనా పాత బ్రెడ్డు వ్యాను కొంది.
బీపీ మిషన్, త్రాసు, చేతికందేంత ఎత్తులో మందులు;
ఎండ పడితే ఇప్పటికీ ఈస్టు వాసన.
నేను పక్క సీట్లో, ఒళ్లో లెడ్జరు.
ఇంటికి నెలకింత అని తీసుకుంటాం,
లేనివాళ్లు గుడ్లిస్తారు.
గుడ్లకి కూడా ఒక కాలమ్ గీశాను.

చర్చి వాళ్ల చేపల విందు డబ్బుతో
తొంభై డాలర్లకి ఆర్విల్‌కి ఫ్రిజ్ కొన్నాం.
పద్నాలుగు నెలలు. అంబులెన్సు రాలేదు.

ఆ రెండు అంకెలూ పట్టుకుని ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లాను.
రాష్ట్ర కమిటీ. మాట్లాడడానికి మూడు నిమిషాలు.
నీలం టై కట్టుకున్నాయన అడిగాడు:
"అందులో అతను మందు కాక వేరేవి కూడా పెట్టుకుంటాడేమో?"
పెట్టుకుంటాడండీ, అన్నాను.
మజ్జిగ. సగం ఉల్లిపాయ.
చేపల ఎరకి ఒక డబ్బాడు వానపాములు.
ఎవరో నవ్వారు. గంట మోగింది.

చివరికి ప్రయోగాత్మకం అన్నారు.
పన్నెండు ఫ్రిజ్‌లు, ఒక సంవత్సరం, మూడు నివేదికలు.
ఫారం వచ్చింది, మొదటి గడిలోనే అడిగింది:
రోగనిర్ధారణ కోడ్.

చాలాసేపు చూశాను ఆ ఖాళీని.
తర్వాత బాతు కోడ్ రాశాను.

ఎవరూ గమనించలేదు.
మంగళవారం లారీ వచ్చింది, పన్నెండూ దిగాయి.
ఒకదానికి తలుపు సొట్టపోయింది,
దాన్ని నేనుంచుకుందామా అనుకున్నాను,
కానీ జాబితాలో అప్పటికే
పదమూడో పేరు ఉంది.