పధ్నాలుగు అంగుళాలు

"ఒక్క మెట్టే" అన్నారట ఫోనులో.
మెట్టు ఎత్తెంతని అడిగితే
అవతల ఎవరో నవ్వి, "చిన్నదే" అన్నారట.
చిన్నదంటే ఎంత?
నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన ఎర్సీలియా
మాటని నమ్మి కత్తెర వేసే మనిషి కాదు.
మెడలో టేపుతోనే వచ్చింది రేవుకి.

కురసావ్‌లో పొద్దున్న ఏడు.
తెల్లటి కాటమరాన్ తాళ్ళని కీచుమనిపిస్తూ ఊగుతోంది.
కట్టుమాను! మా బంగాళాఖాతం ఒడ్డు మాటే,
ఇంత దూరం వచ్చి ఇంత ఖరీదైంది.
నేను అప్పటికే ఎక్కి కూర్చున్నాను,
నా మోకాళ్ళు నాకు గుర్తు కూడా లేకుండా.

వంగడం ఆవిడ వల్ల కాదు.
టేపు కుర్రాడి చేతికిచ్చింది: "కొలువు."
రుడ్‌సెల్ మోకరిల్లి కొలిచాడు.
"అల దిగితే తొమ్మిది, టాంచి.
లేస్తే పధ్నాలుగు."

కుడి మోకాలు తొమ్మిదికి ఒప్పుకుంటుంది,
పదికి సణుగుతుంది.
ఎడమది, లోపల లోహం వేసింది,
దేనికీ ఒప్పుకోదు, అడ్డం చెప్పదు,
ఊతకర్రలా వెంట వస్తుంది.
పధ్నాలుగన్నది ఆ ఇద్దరి లెక్కల్లోనూ లేదు.

వెనక వరుసలో ఎవరో నిట్టూర్చారు.
ముఖాన తెల్లటి క్రీము పూసుకున్న పిల్లాడు
రబ్బరు రెక్కలు నేలకేసి తపతపలాడించాడు.
"ఎత్తేస్తాను రా, టాంచి" చేతులు చాపాడు రుడ్‌సెల్.
"బియ్యం బస్తానా నేను? జరుగు."

జరిగాడు.
"పోకో పోకో" అన్నాడు మెల్లిగా.
వాళ్ళ పాపియమెంతులో, నెమ్మదిగా, నెమ్మదిగా అని.
నా తెలుగు చెవికి మాత్రం
పోకు, పోకు అని వినపడి
గుండె ఒక్కసారి జారింది.

ఆవిడ అలల్ని చూస్తోంది,
మిషను మీద సూది లేచి దిగడం చూసినట్టు.
ఒకటి వదిలింది. రెండు వదిలింది.
ఆరోది పెద్దది, కళ్ళతోనే తిట్టి పంపింది.
దాని వెనక పడవ కిందికి కుంగిన చోట
చాచిన చెయ్యి కాదు, ఇనుప కడ్డీని పట్టుకుని
కుడికాలు.
తర్వాత పొడుగు గౌను అంచుని తలుపులోంచి లాక్కున్నట్టు
ఎడమకాలు.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నయం.

నా పక్కనే కూర్చుంది.
నీలం దిండు కింద వేలు పెట్టి తడిమింది కుట్టుని.
"నావే" అంది.
పదకొండేళ్ళుగా ఈ పడవ దిండ్లకి గలేబులు కుడుతోందట.
వ్యానులో ఇంటికొచ్చేవి, వ్యానులో వెళ్ళేవి.
వాటి మీద కూర్చోవడం ఇదే మొదలు.

రెండు గంటలు ఎదురుగాలి.
చిన్న దీవి దగ్గర అందరూ దూకేశారు,
క్రీము పిల్లాడు అందరికన్నా ముందు.
వెనక నిచ్చెన చివరి మెట్టు మీద
ఆవిడ కూర్చుంది, అంతే.
సముద్రమే ఎక్కి వచ్చింది మెట్టు దాకా.
ఉప్పునీళ్ళు ఎడమ మోకాలిని
కాస్త వంచాయి, కాస్త చాచాయి,
డాక్టరులా ఏ ప్రశ్నా అడక్కుండా.
ఆవిడ ఏదో అంది. గాలికి వినపడలేదు.
మళ్ళీ అడగలేదు నేను.

రుడ్‌సెల్ కెనెపా పళ్ళు ఒలిచిస్తూ
ఒక పెట్టె చేయిస్తానన్నాడు, రేవులో వేయడానికి.
"ఎంత ఎత్తు?"
"ఏడు."
"ఎనిమిదైతే చెక్క దొరుకుతుంది, టాంచి."
"ఏడు."

అరచేతిలో రాసుకున్నాడు.
తిరుగుదారిలో తాడు లాగేసరికి చెరిగిపోయింది.
రేవులో మంచి కాలిని పైనే ఉంచి
చెడ్డ కాలిని ముందు దింపుతుంటే
కాస్త సిగ్గుతో మళ్ళీ అడిగాడు.

నేల మీద రెండు పాదాలూ నిలబెట్టుకున్నాక
మెడలోంచి టేపు తీసింది ఎర్సీలియా.
ఏడో గీత దగ్గర
పళ్ళతో గాటు పెట్టి
వాడి చొక్కా జేబులో కుక్కింది.