రెండు అడుగులు

ఆ రాత్రి పదకొండు మంది వచ్చారు.
మా జీడిమామిడి చెట్ల కింద
చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డారు.
ఎక్కణ్ణుంచని అడిగితే
సుమాయిల తూర్పు వైపు గడ్డం ఎత్తాడు.
ఊరి పేరు చెప్పలేదు,
నోట్లో ఇంకా పొగ ఉన్నవాడిలా.

ఉన్న కర్రపెండలమంతా ఉడికించి పెట్టాను.
చుట్టం రెండు రోజులే,
మూడోనాడు చేతికి పార ఇవ్వాలంటారు మా షియూర్‌లో.
ఇచ్చాను. పొలం చివర ఒక చెక్కా ఇచ్చాను,
హద్దుకి ఒక కర్ర పాతి.

అతనిది సముద్రం చెయ్యి.
తెడ్డు కాయలు ఒకచోట, పార పట్టు ఇంకోచోట,
మధ్యలో నెత్తురు.
వేలితో గుంట పొడిచి గింజ వేసి
పోటు వస్తుందేమోనన్నట్టు కాసేపు ఆగుతాడు.

మూడేళ్లయింది. నాకు దాపరికం లేదు, చెప్తాను:
బడిలో బల్లకి ఐదుగురు.
బోరింగు దగ్గర కోడి కూయకముందే పసుపు డబ్బాల వరస.
కట్టెలకి అప్పట్లో మెట్ట దాటితే చాలు,
ఇప్పుడు ఏరు దాటాలి.
కలుపు తీసే కూలి సగానికి పడింది.
"వాళ్లు సగానికే వస్తున్నారు" అంటాడు ఆసామి,
నాకూ సగమే లెక్కపెడతాడు.

లారీ వచ్చినరోజు
తెల్లచొక్కా కుర్రాడు పేర్లు పిలుస్తాడు.
మ్వనషా. సుమాయిల. అన్లి.
నా పేరు రాదు. నేను పారిపోలేదు కదా.
పారిపోని ఆకలికి కార్డు లేదు.

ఆ సాయంత్రం వెళ్లి హద్దుకర్ర పీకి పారేశాను.
రాత్రంతా నిద్ర లేదు.
తెల్లారి చూస్తే కర్ర మళ్లీ పాతి ఉంది,
రెండు అడుగులు
వాళ్ల గుడిసె వైపుకే జరిపి.

ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

ఆ వానాకాలం సుమాయిల
రేషన్ బస్తాల పోగులు విప్పి వల అల్లాడు.
మోకాళ్ల మధ్య సూది, పెదాల మీద ఏదో కూనిరాగం,
అతను నవ్వడం అదే మొదటిసారి చూశాను.
పిట్టలు వాలకుండా నా జొన్న మీద కప్పాడు.
ఇక్కడే పుట్టిన వాళ్ల చిన్నాడు
గాలికి వల లేచి పడుతుంటే
"సముద్రం ఇలాగే ఉంటుందా" అని నన్నే అడుగుతాడు.
నాకేం తెలుసు, నేనెప్పుడు చూశానని.

ఈ ఏడు ఒక బస్తా ఎక్కువే వచ్చింది.
అతను అడగలేదు.
నేనింకా ఇవ్వలేదు.
బస్తా గుమ్మం దగ్గరే ఉంది,
ఇంట్లోకి వెళ్లాలన్నా, బయటికి రావాలన్నా
దాటుకునే తిరుగుతున్నాను.